కార్పెట్ ఎత్తకుండా రాసిన కారణం

2023 ఆగస్టు. నాచారం నుంచి మల్లాపూర్ వెళ్లే దారిలో, పారిశ్రామికవాడ గోడను ఆనుకుని నా షెడ్డు. రెండు కార్లు పట్టే చోటు, పనిముట్ల బల్ల, ఒక స్కానర్. స్కానర్ అంటే కారులోని కంప్యూటర్లకు తగిలించి చదివే యంత్రం. ఏ భాగం మొరాయించిందో అది చెబుతుంది. ఎందుకు మొరాయించిందో చెప్పదు. అది మనిషి వంగి, మోకాళ్ల మీద కూర్చుని, చూసి తెలుసుకోవాలి. వంగడానికి బద్ధకించిన చోట ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రెండేళ్లు దాటినా ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా గ్రంథాలయంలో చదువుకున్నాను. శుక్రవారం సెలవని తెలియక మొదటిసారి తాళం చూసి తిరిగొచ్చాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా ఏ ఆదివారమూ పెద్దగా తప్పలేదు. తెలుగులో ఉన్న పాత భౌతికశాస్త్రం పుస్తకాలు, ఇంగ్లీషు ఉత్తరాలు రాయడం నేర్పే పుస్తకాలు, అట్టలు ఊడిన న్యాయశాస్త్ర గ్రంథాలు, ఏది దొరికితే అది. అర్థం కాని మాటను చేతి మీద రాసుకుని వచ్చి, కరెంటు పని చేస్తూ దాన్నే నములుతూ ఉండేవాణ్ని. సొంత షెడ్డు పెట్టకముందు పదకొండేళ్లు ఒక ఖరీదైన కార్ల సర్వీస్ సెంటర్‌లో పనిచేశాను. మొదట వైరింగ్ పని, తర్వాత సర్వీస్ అడ్వైజర్. అంటే కస్టమర్‌తో మాట్లాడి, కారుకు ఏం చేయాలో కాగితం మీద పెట్టి, ఎంత అవుతుందో చెప్పే మనిషి.

ఆ రోజు ఉదయం ఒక ఏడు సీట్ల ఎస్‌యూవీ షెడ్డు ముందు ఆగింది. నాలుగేళ్ల బండి, కొత్తలో అర కోటికి దగ్గర పలికిన రకం. ఎండ కాస్తోంది, అద్దం మీద చుక్క నీరు లేదు, వైపర్లు మాత్రం వాటంతట అవి ఊగుతున్నాయి. డ్రైవర్ దిగి తలుపు వేయగానే నాలుగు తలుపుల తాళాలూ టకటకా పడి మళ్లీ లేచాయి.

డ్రైవర్ పేరు రత్నం. యాభై రెండేళ్లు. జనగామ వైపు పల్లె నుంచి వచ్చి మౌలాలిలో ఉంటున్నాడు. వెనక సీటులోంచి దిగింది యజమాని మురళీధర్ గారు. మల్లాపూర్‌లో ప్లాస్టిక్ క్యాన్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఆయనది, ఇల్లు ఉప్పల్‌లో అపార్టుమెంటు. రత్నం ఆయన దగ్గర తొమ్మిదేళ్లుగా బండి నడుపుతున్నాడు.

మురళీధర్ గారు జరిగింది చెప్పారు. జూలైలో ఒక పెద్ద వాన పడిన మర్నాడు ఈ పిచ్చి మొదలైంది. సర్వీస్ సెంటర్‌లో బీసీఎం మార్చారు. బీసీఎం అంటే లైట్లు, వైపర్లు, తాళాలు, హారన్ అన్నిటినీ నడిపించే పెట్టె. డ్యాష్‌బోర్డు కింద ఎడమ వైపు ఉంటుంది. తొంభై ఆరు వేలు తీసుకున్నారు. పది రోజులకు మళ్లీ వాన, మళ్లీ అదే పిచ్చి. ఈసారి వాళ్లు బండిని వారం ఉంచుకుని అసలు జబ్బు తేల్చామన్నారు: నేల మీద పరిచిన వైరింగ్ హార్నెస్, అంటే తీగల కట్ట మొత్తం, దానితో మూడు కంప్యూటర్లు, మళ్లీ ఒక బీసీఎం మార్చాలి. ఆరు లక్షల నలభై వేలు. డబ్బు కట్టి పెంచుకున్న వారంటీ ఉంది కదా అంటే, అది వర్తించదన్నారు.

"ఎందుకు వర్తించదు సార్?" అన్నాను.

ఆయన రత్నం వైపు గడ్డం ఎత్తి చూపించారు.

"ఈయన పుణ్యం. వాన నాడు రోడ్డు మీద నీళ్లు నిలిస్తే బండి అందుల దించిండు. కంపెనీవోళ్లే రాసిచ్చిన్రు. తొమ్మిదేండ్ల సంది నడుపుతుండు, గంత ఇంగితం లేకపాయె. నెలకు ఎనిమిది వేలు జీతంల పట్టుకుంటున్న. ఎన్నేండ్లకు తీరుతదో సూడాలె."

రత్నం జీతం ఇరవై రెండు వేలు. నేలను చూస్తూ నిలబడ్డాడు. నా షెడ్డుకు తీసుకొద్దామని యజమానిని బతిమాలింది కూడా ఆయనేనని తర్వాత తెలిసింది. ఆరు లక్షలంటే ఎవరికైనా బరువే కాబట్టి మురళీధర్ గారు ఒప్పుకున్నారు. బండి వదిలి, ఆటో ఎక్కి ఫ్యాక్టరీకి వెళ్లిపోయారు.

ఆయన వెళ్లాక రత్నాన్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. ఆ వాన రోజు సంగతి అడిగాను. అమ్మగారిని, అంటే మురళీధర్ గారి భార్యను, పుట్టింటి నుంచి తీసుకురావడానికి బయలుదేరాడట. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర నీళ్లు నిలిచాయని ఎదురొచ్చిన ఆటోవాళ్లు చెబితే నాచారం చౌరస్తా దగ్గర పెట్రోలు బంకులో బండి పక్కకు పెట్టి రెండు గంటలు కూర్చున్నాడు. నీళ్లు దిగాకే కదిలాడు. ఆలస్యమైందని ఇంట్లో మాటలు పడ్డాడు. ఇప్పుడు ఆ ఆలస్యమే ఆయన మీద సాక్ష్యం అయింది: బండి నీళ్లలో ఇరుక్కోకపోతే రెండు గంటలు ఎక్కడున్నావు అంటున్నారు. నీళ్లలో దింపకూడదని ఆగిన మనిషికి, ఆగినందుకే శిక్ష.

"పైసలు పోతె పోతయ్ తమ్మీ," అన్నాడు. "సారు అపార్ట్‌మెంటుల అందరికీ చెప్పిండు. వాచ్‌మన్ గూడ నవ్వుతుండు. బండిని నీళ్లల్ల ముంచినోడు అంటే ఇంక నన్ను ఏ ఇంట్ల పెట్టుకుంటరు? నాకు ఇంకో పని రాదు."

మురళీధర్ గారు వదిలివెళ్లిన ఫైలులో సర్వీస్ సెంటర్ నివేదిక ఉంది. తెరిచి చదివాను. నేను పనిచేసి వచ్చిన సర్వీస్ సెంటరే అది. ఇంగ్లీషులో టైపు చేసిన రెండు పేజీలు. చివరి పేజీలో 'కారణం' అనే గడి. అందులో ఒకే పొడుగాటి వాక్యం. తెలుగులో దాని అర్థం ఇది: నిలిచిన నీటి లోతును అంచనా వేయక, సాధారణ వివేకం లోపించిన విధంగా వాహనాన్ని నడిపినందువల్ల కలిగిన నష్టమైనందున, ఇది ఏ హామీ పరిధిలోకీ రాదు.

చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఆ వాక్యం నాది.

మెకానిక్‌లు 'సాధారణ వివేకం లోపించి' అని రాయరు. అది నేను గ్రంథాలయంలో బీమా తగాదాల మీద ఉన్న ఒక పాత న్యాయశాస్త్ర పుస్తకంలోంచి ఎత్తి రాసుకున్న మాట. అడ్వైజర్‌గా ఉన్న రోజుల్లో రామంతాపూర్ వైపు ఒకాయన నిజంగానే నడుములోతు నీళ్లలో కారు దింపి ఇంజన్ పాడు చేసుకున్నాడు, వారంటీ కింద కొత్త ఇంజన్ ఇవ్వమని గొడవ చేశాడు. గట్టిగా రాసే మనిషి కావాలన్నాడు మేనేజరు. నేను రాశాను. మొదటిసారి ఆ వాక్యం నిజమే. మేనేజరు దాన్ని పదిమంది ముందు చదివి వినిపించాడు, పదో తరగతి వాడి ఇంగ్లీషు చూడండి అని. నా ఛాతీ ఉబ్బింది. తర్వాతి వానకాలంలో ఇంకో రెండు బండ్లకు నన్నే రాయమన్నారు. వాటిని నేను వంగి చూడలేదు. ఆ తర్వాత నన్ను అడగాల్సిన పని కూడా లేకుండా వాక్యాన్ని కంప్యూటర్‌లో పెట్టేసుకున్నారు. ఒక మీట నొక్కితే గడి నిండిపోతుంది.

నేను ఆ ఉద్యోగం మానేసింది దీని మీద మనసు విరిగి కాదు. ఆ గొప్ప నాకు లేదు. జీతం పెంచలేదని మానేశాను. ఇన్నేళ్లు ఆ వాక్యం గుర్తు కూడా రాలేదు. ఎదురుగా రత్నం చాయ్ ఊదుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఆయనకు చెప్పే ధైర్యం ఆ పూట నాకు రాలేదు. లేచి బండి దగ్గరికి వెళ్లాను.

ముందు కార్పెట్ ఎత్తాలి. ఎడమ వైపు ముందు సీటు బోల్టులు విప్పుతుంటే తెలిసింది, వాటిని ఎవరూ ముట్టలేదు. బోల్టు తల మీద ఫ్యాక్టరీలో వేసిన రంగు గీత చెక్కుచెదరకుండా ఉంది. కార్పెట్ అంచు క్లిప్పులు మొదటిసారి బిగించినవే. వారం రోజులు బండిని ఉంచుకున్నవాళ్లు, కార్పెట్ కింద నేలంతా నీళ్లు నిండాయని రాసినవాళ్లు, ఆ నేలను చూడలేదు. ఆరు లక్షల నలభై వేల నివేదిక వెనక అరగంట పని కూడా లేదు. ఇంకా విప్పని బోల్టును ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను.

కార్పెట్ కింద స్పాంజి తడిగా ఉంది, నిజమే. కానీ ఆ నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. మన రోడ్ల మీద వాన నీళ్లు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. మోరీ పొంగి కలుస్తుంది, మట్టి, నూనె, ప్లాస్టిక్ ముక్కలు అన్నీ వస్తాయి. అలాంటి నీరు కారులోకి వస్తే దిగాక బురద గీత వదిలిపోతుంది. సీటు జారే పట్టాల్లో ఇసుక చేరుతుంది. వాసన నెలల తరబడి పోదు. ఇక్కడ ఇసుక రేణువు లేదు. కుడి వైపు స్పాంజి పొడిగా ఉంది. కింది నుంచి వచ్చిన నీరు రెండు వైపులా సమంగా నిలుస్తుంది. ఇది పైనుంచి, ఎడమ మూల నుంచి కారింది.

మరి డ్రైవర్ సీటు కింద, కుడి వైపున ఉన్న కనెక్టర్‌లో రాగికి ఆకుపచ్చ చిలుము ఎలా పట్టింది? సర్వీస్ సెంటర్ నివేదికలో ఉన్న ఒకే ఒక్క ఫొటో అదే. నేలంతా మునిగిందనడానికి వాళ్ల సాక్ష్యం. దీనికి జవాబు నాకు గ్రంథాలయంలోనే దొరికింది, ఎప్పుడో చదివిన తెలుగు భౌతికశాస్త్రంలో. కేశనాళికత. దీపం వత్తి నూనెను పైకి పీల్చుకునే గుణం. కారు తీగ లోపల ఒకే కమ్మీ ఉండదు, వెంట్రుకల్లాంటి రాగి పోగులు పదుల కొద్దీ ఉంటాయి. ఒక చివర నీళ్లు తగిలితే పోగుల మధ్య సందుల్లోంచి, ప్లాస్టిక్ తొడుగు లోపలే, మీటర్ల దూరం పాకుతాయి. పొడిగా ఉన్న చోట ఆ తీగ తొడుగు కోసి టిష్యూ కాగితం అద్దాను. కాగితం తడిసింది.

ఇక పైకి వెళ్లాను. ఈ బండికి పానోరమిక్ సన్‌రూఫ్ ఉంది, అంటే పైకప్పు చాలావరకు తెరుచుకునే అద్దం. దాని చుట్టూ సన్నటి కాలువ, నాలుగు మూలల్లో నాలుగు డ్రెయిన్ గొట్టాలు. వాన నీరు ఆ గొట్టాల్లోంచి, అద్దాల పక్కనుండే స్తంభాల లోపల దిగి బండి కిందికి పోవాలి. సీసాతో నీళ్లు పోసి చూశాను. వెనక రెండూ బాగున్నాయి. ముందు కుడిదీ బాగుంది. ముందు ఎడమ మూలలో పోసిన నీళ్లు కాసేపు నిలిచి, పైకప్పు గుడ్డ వెనక్కి పొంగి, స్తంభం వెంట కారి, సరిగ్గా బీసీఎం పెట్టె మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి.

గొట్టాన్ని అక్కడే శుభ్రం చేయబోయి ఆగాను. చేస్తే సాక్ష్యం పోతుంది. మురళీధర్ గారికి ఫోన్ చేసి, స్వయంగా వచ్చి చూడమన్నాను. గంట తర్వాత వచ్చారు. ఫోన్‌లో వీడియో తీస్తూ ఆయన కళ్ల ముందు మళ్లీ నీళ్లు పోశాను, ఎడమ ముందు సీటులో కాళ్లు పెట్టే చోట అవి పడటం చూపించాను. తర్వాత సన్నటి నైలాన్ తీగను గొట్టంలోకి తోసి, తిప్పి, మెల్లగా లాగాను. గాలి ఒత్తిడితో ఊదితే గొట్టం లోపలే ఊడిపోతుంది, అందుకే ఈ ఓపిక. తీగ చివర నల్లగా కుళ్లిన ముద్ద వచ్చింది. తెల్ల కాగితం మీద విప్పి పరిచాను. పూల రేకులు. ఉబ్బి పగిలిన పసుపు బియ్యం. మెరిసే రంగు కాగితాల ముక్కలు, బరాత్‌లలో గొట్టంతో పేలుస్తారే, అవి.

మురళీధర్ గారు వంగి ఒక రంగు కాగితం ముక్కను వేలితో పక్కకు జరిపి చూశారు. నేను రత్నాన్ని అడిగాను. ఆయన చెప్పడానికి ఇష్టపడలేదు. రెండోసారి అడిగితే చెప్పాడు. మే నెలలో సారు తమ్ముడి కొడుకు పెళ్లి. ఈ బండే పెళ్లికొడుకు బండి. సన్‌రూఫ్ తెరిచి పిల్లవాణ్ని నిలబెట్టి, నాచారం నుంచి ఉప్పల్ ఫంక్షన్ హాల్ దాకా మూడు గంటలు నడిపించారు. దారంతా పూలు, అక్షింతలు, కాగితాల పేలుళ్లు.

"మూస్తనని జెప్పిన సార్," అన్నాడు రత్నం, గొంతు పెంచకుండానే. "చిన్న సారు, పెండ్లి నాడు గూడ నీ లొల్లి ఏంది అన్నరు. మల్ల రెండు దినాలు కూసొని లోపటంతా ఊడ్సిన. గా సందు నాకు కానరాలే."

నిజానికి అది ఎవరికీ కనిపించదు. పెళ్లికొడుకును పైకప్పులోంచి నిలబెట్టి అక్షింతలు చల్లుతారని ఆ కారు తయారుచేసిన దేశంలో ఎవరూ ఊహించి ఉండరు. వాళ్లు ఆకులకూ దుమ్ముకూ సరిపడా గొట్టం పెట్టారు. ఇందులో పెళ్లివారిని పెద్దగా తప్పుపట్టను. వేడుక చేసుకున్నారు, అంతే. చూడకుండా రాసినవాళ్లనూ, చదివి ప్రశ్నించకుండా నమ్మినవాళ్లనూ తప్పుపడతాను. మొదటివాళ్లలో నేనూ ఉన్నాను.

"ఎంతయితది?" అన్నారు మురళీధర్ గారు.

స్పాంజి తీసి ఎండబెట్టడం, చిలుము పట్టిన పద్నాలుగు టెర్మినళ్లు, అంటే తీగ చివర బిగించే రాగి ముక్కలు, మార్చడం, తడిసిన తీగ కోసి కొత్తది అతకడం, పెట్టె తుడిచి పరీక్షించడం. మూడు రోజుల పని. పదమూడు వేల ఐదు వందలు అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. నా భుజం తట్టారు. ఆరు లక్షల రోగాన్ని పదమూడు వేలకు దించినవ్, నీ అసుంటోడు సిటీల లేడు అన్నారు. రత్నం పక్కనే ఉన్నాడు. మురళీధర్ గారు ఆయన వైపు ఒక్కసారి కూడా తిరగలేదు.

"సార్, రత్నమన్న తప్పు లేదు గదా ఇందుల," అన్నాను.

"ఆఁ, లేదు లేదు. జీతం పట్టింది ఇచ్చేస్త. ఇగ గా ముచ్చట ఇడిసిపెట్టు."

"అపార్ట్‌మెంటుల చెప్పిన్రంట గద సార్. అక్కడ గూడ ఒక మాట చెప్తే..."

"నువ్వు బండి పని జూడవయ్యా," అన్నారు ఆయన. అప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మూడు రోజుల తర్వాత బండి వెళ్లింది. తర్వాత రెండు వానలు చూసి, అంతా బాగుందని ఆయనే ఫోన్ చేశారు. వినియోగదారుల ఫోరమ్‌కు వెళ్లండి, తొంభై ఆరు వేలు వెనక్కి వస్తాయి, నేను సాక్ష్యం చెబుతాను అన్నాను. ఆయన వెళ్లి అడిగితే సర్వీస్ సెంటర్ వాళ్లు రెండు సర్వీసులు ఉచితమని కూపన్ ఇచ్చారట. ఆయన సర్దుకున్నారు. ఆయనకు సర్దుకోవడం తేలిక. కాగితం మీద తప్పు ఆయన పేరున లేదు.

నేను ఆ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. ఏడేళ్ల తర్వాత ఆ గాజు తలుపు తోశాను. నా కుర్చీలో ఇప్పుడు ముప్పై ఏళ్లవాడు ఉన్నాడు. మర్యాదగా కూర్చోమన్నాడు. వీడియో చూపించాను, బోల్టు మీద చెదరని గీత ఫొటో చూపించాను. ఆ వాక్యం తీసేయమన్నాను, చూడకుండా ఎవరి మీదా అది వాడొద్దన్నాను.

"అన్నా, అది మీరు రాసిందేనంట గద," అన్నాడు, కళ్లలో నిజమైన గౌరవంతో. "మస్తు పని చేస్తదన్నా. ఒక్క కస్టమర్ గూడ దాని మీద ఎదురు మాట్లాడలే. గసుంటి ఇంగ్లీష్ ఇప్పుడు ఎవ్వరికి రాదు."

అక్కడ నేను అరిచాను. ఏం అరిచానో సరిగా గుర్తు లేదు. సెక్యూరిటీ వచ్చి బయటికి నడిపించాడు. వాళ్ల పై ఆఫీసుకు ఉత్తరం రాశాను, మూడు పేజీలు. మీ స్పందనకు ధన్యవాదాలు అని యంత్రం పంపే జవాబు వచ్చింది.

రత్నానికి నేను తెలుగులో ఒక నివేదిక రాసిచ్చాను. ఏం చూశానో, ఎక్కడ చూశానో, ఎవరి ముందు చూశానో. ఇచ్చేటప్పుడు ఆ ఇంగ్లీషు వాక్యం ఎవరిదో కూడా చెప్పాను. ఆయన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. "నువ్వు సదువుకున్నోనివి తమ్మీ, జర సూసి రాయొద్దా," అన్నాడు. అంతే.

సెప్టెంబరులో ఆయన ఆ ఉద్యోగం మానేశాడు. పట్టుకున్న జీతం మొత్తం ఇచ్చారు కదా, మరి ఎందుకని అడిగాను.

"పైసలు వాపస్ ఇచ్చిండు. మాట వాపస్ తీసుకోలే," అన్నాడు.

ఇప్పుడు పోచారంలో ఒక ఐటీ క్యాంపస్‌కు ఉద్యోగులను చేరవేసే వ్యాను నడుపుతున్నాడు. ఆ పనికి వెళ్లినప్పుడు పాత చోట ఎందుకు మానేశావని అడిగారట. నా కాగితాన్ని ల్యామినేషన్ చేయించి తీసుకెళ్లి చూపించాడు. తొమ్మిదేళ్లు ఒక్క గీత పడకుండా బండి నడిపిన మనిషి, తన మంచితనానికి సాక్ష్యంగా ఒక మెకానిక్ రాసిన కాగితాన్ని ప్లాస్టిక్‌లో పెట్టుకుని తిరగాల్సి వచ్చింది. తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంటలో సగం నా మీదే.

ఖరీదైన బండ్ల రిపేరులో విడిభాగాల ధరలు అన్యాయమని అందరూ అంటారు. నిజమే. కానీ అన్నిటికంటే ఖరీదైనది 'కారణం' అనే ఆ చిన్న గడి. విడిభాగం ధరను బేరమాడవచ్చు, ఇంకో షాపులో అడగవచ్చు. కారణం ఒకసారి రాశాక డబ్బు ఎవరిదో, తప్పు ఎవరిదో అందులోనే తేలిపోతుంది. చదువు లేనివాడు దాన్ని ఎదిరించలేడు. దాన్ని చదువు ఉన్నవాడు అందంగా రాసిపెడితే వాడు ఇక అసలే ఎదిరించలేడు.

నా షెడ్డులో ఆ గడిని కళ్లతో చూశాకే నింపుతాను. చూసీ తేల్చలేకపోతే 'తెలియలేదు' అని రాసి సంతకం పెడతాను. ఆ మాట చూసి ఈ మెకానిక్‌కు పని రాదని బండి తీసుకుని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. పోయిన నెల కూడా ఒకాయన వెళ్లాడు. గేటు దాకా తోడు వెళ్లి, బండి వెనక్కి తీసుకోవడానికి దారి చూపించాను.